గురువుగారు ఊళ్లో లేని రోజున

1991 జూన్ మూడవ తేదీన మా కథోలిక విచారణలో (పారిష్‌లో) ఉపదేశకురాలిగా బాధ్యతలు స్వీకరించి, నాటి నుంచి అందరి నోటా ‘ఉపదేశమ్మ’గా స్థిరపడిన మాన్యురాలు ఈ నెలాఖరున పదవీ విరమణ చేయుచున్నారు. వారు వచ్చేనాటికి అనేక గ్రామాలకు పూజ చేసే గురువుగారు, అనగా ఫాదరుగారు, ఒక్కరే. మా గుడిలో దివ్యపూజ నెలకొకసారి, తక్కిన ఆదివారాలు తలుపుకు తాళం. విశ్వాసమనగా గురువుగారి కొరకు ఎదురుచూచుటయే అన్నట్లుండేది.

తొలి సంవత్సరం వారు బోధించినదానికన్నా విన్నదే ఎక్కువ. గుడి మానేసినవారి ఇళ్లకు గడపగడపా తిరిగారు. “మనింటిని కూడా ఆ సందర్శనల్లో చేర్చు” అని ఉపాధ్యాయులైన వారి భర్త చమత్కరించేవారట.

అలా ఒకనాడు వడ్రంగిగారి కొట్టుకు వెళ్లారు. ఆయన చిత్రిక పట్టడం ఆపకుండానే, “గుడికి రమ్మనడానికైతే శ్రమపడకండమ్మా. మా అమ్మ పోయిననాడు ఫాదరుగారు ఊళ్లో లేరని ఒక్కరూ వచ్చి ప్రార్థన చెప్పలేదు. దిక్కులేనిదాన్ని సాగనంపినట్టు సాగనంపాం” అన్నారు.

ఉపదేశమ్మ సంజాయిషీ చెప్పలేదు. “అమ్మ పేరేమిటన్నయ్యా?” అని అడిగి, ఆ చెక్కపొట్టులోనే మోకరిల్లి, మృతుల కొరకు చేసే ప్రార్థన మొదటినుంచి చివరిదాకా చదివారు. చిత్రిక ఆగింది. లోపలినుంచి ఆయన భార్య వచ్చి పక్కన మోకరిల్లారు.

మరుసటి ఆదివారమే ఆయన గుడికి వచ్చారని వ్రాయాలని ఉన్నది గాని, రాలేదు. ఆ వానాకాలంలో పొరుగింటి పెద్దాయన కన్నుమూసినప్పుడు, గురువుగారికి కబురు అందకముందే, వడ్రంగిగారు ఆ ఇంటి గుమ్మంలో నిలబడి, “ప్రార్థన నేను చదవొచ్చా అమ్మా? తప్పులు పోతే దిద్దండి” అన్నారు. చాలాచోట్ల తడబడ్డారు. ఉపదేశమ్మ ఒక్కచోటా దిద్దలేదు.

రోగుల చెంత ప్రార్థించుట, వాక్యము చదువుట, దుఃఖితులను ఓదార్చుట సామాన్య విశ్వాసులకు నేర్పుటయే అప్పటినుంచి వారి జీవితవ్రతమైనది. “అన్నీ మీరే చేసేస్తే నేనెందుకమ్మా?” అని గురువుగారు నవ్వితే, “పూజ మీదే ఫాదర్. పక్కన కూర్చోవడం మాది” అన్నారట. నేడు గురువుగారు వచ్చినా రాకున్నా ప్రతి ఆదివారం గుడి తలుపులు తెరిచే ఉంటున్నాయి.

మొన్న వారికి జ్వరం వచ్చిందని తెలిసి, పాలమ్మే అక్క ఒకవైపు, పాటల బృందం మరొకవైపు మంచం చుట్టూ చేరి దీర్ఘంగా ప్రార్థన అందుకోగా, ఉపదేశమ్మ కళ్లు తెరిచి, “నేనింకా పోవడం లేదమ్మా, చిన్న ప్రార్థన చాలు” అన్నారు.

కనుక చిన్నదే చేయుచున్నాము: ప్రభువు వారికి నిండు ఆరోగ్యమును, మనుమల సందడి నడుమ సుదీర్ఘ ఆయుష్షును ప్రసాదించుగాక!