పక్కింటికి చెప్పే కణాలు

ఏందీ, మెల్లగా మాట్లాడాలా? మాచర్ల బస్సు కోసం నిలబడ్డోళ్ళంతా వింటున్నారా? విననీవయ్యా అమ్జద్! ఈ నరసరావుపేట బస్టాండులో కొత్తగా మనకి పరువేంది!

స్కానింగ్ డాక్టరమ్మ ముందు తెగ తలూపావుగా. ఏమర్థమైందో చెప్పు. ఏం కాలేదా? సరే, డిగ్రీలో జువాలజీ చదివి నీ ఇంట్లో రొట్టెలు కాలుస్తున్న నేను చెబుతా, విను.

కడుపులో బిడ్డ మొదలైనప్పుడు కణాలన్నీ ఒకటే. ఏది నరమో, ఏది కండో వాటికే తెలీదు. పక్కనున్న కణాలు చెబుతాయి, నువ్వు నరమైపో, నువ్వు కండైపో అని. వీపు మీదవి రేకులా ఉండి, మడతపడి గొట్టంలా మూసుకుంటాయి. అదే వెన్నుపాము. దాని పక్కవి కండలవుతాయి. చూశావా ఎంత సిగ్గులేని కణాలో! పక్కింటోళ్ళకి అన్నీ చెప్పేసుకుంటాయి. మీ అమ్మీ పెంపకంలో పెరగలేదు, పాపం.

మనం మాత్రం పెద్దింటి ఖాన్‌దానీ మనుషులం. మూడో నెల దాటేదాకా ఎవరికీ చెప్పకూడదు, దిష్టి! ఆశా వర్కర్ ప్రభావతక్క గుమ్మంలోకొచ్చి, "గౌసియా, నెల తప్పావా? ఫోలిక్ మాత్రలిస్తా" అంటే మీ అమ్మీ ఏమంది? "లేదమ్మా, పిల్లకి పైత్యం చేసింది." నువ్వు పక్కనే ఉన్నావు. బండి చప్పుడు తేడా వస్తే వీధి చివర్నించే కనిపెట్టే మెకానిక్‌వి, ఆ అబద్ధం మాత్రం నీ చెవిన పడలా!

ఆ గొట్టం మూసుకునేది నెల తప్పిన కొత్తల్లోనే. మనం మిఠాయి పంచేసరికి దాని పని అయిపోయింది. మన బిడ్డకి నడుం దగ్గర తెరుచుకునే ఉండిపోయింది. అప్పుడే ఆ ఫోలిక్ మాత్రలేసుకుంటే ఇది తప్పేదో లేదో డాక్టరమ్మ కూడా ఖాయంగా చెప్పలా. అదే నాకు కడుపు మండుతోంది. ఇక ఎప్పటికీ తెలీదు.

కాళ్ళలో కండలు బాగానే ఉన్నాయంట. వాటిని కదలమనే నరాల సంగతే... ఏడుస్తున్నావా? ఏడువు. రేపు గుంటూరు పెద్దాసుపత్రికి పోదాం, వాళ్ళేమంటారో.

ఏందీ? ఈ సంగతి ఇంట్లో చెప్పొద్దా? శభాష్!

అయితే ఇంకోటి విను. నీ చెల్లెలు ఆస్మా మొన్న నెల తప్పింది. నీకు తెలీదులే, మీ అమ్మీ దాచమంది. ఇందాక నువ్వు టీకి పోయినప్పుడు ప్రభావతక్కకి ఫోన్ చేసి చెప్పేశా. ఈపాటికి మాత్రలు పట్టుకుని ఆస్మా వాళ్ళింటికి బయల్దేరి ఉంటది.

మీ అమ్మీ తిడితే తిట్టనీ. దిష్టి తగిలితే చెప్పిన నాకే తగలనీ. ఇంకా తగలడానికి నా దగ్గరేముంది?