వరండాలో వరమ్మ

1988. తెనాలిలో లేడీ డాక్టరు గది. పరీక్ష అప్పుడే ముగిసింది. రూతు తల్లి వరమ్మ బయట వరండాలో కూర్చుని ఉంది.

“...భయం కాదమ్మా రూతూ. లోపల అతుక్కుపోయింది. ముట్టు వచ్చేంత సందే మిగిలింది.”

“కాపురం ఇష్టంలేక నటిస్తున్నానంటుందండీ మా అత్తగారు.”

“రేపల్లెలో ఆవిడ డాక్టరీ ఎప్పుడు చదివిందో! ఎప్పుడన్నా ఒళ్లంతా బొబ్బలెక్కిందా నీకు?”

“పెళ్లికి ముందండి. బాపట్లలో జ్వరానికి బిళ్లలిచ్చారు. ఒంటికి పడలేదు. పెదాలు, కళ్లు, వీపు... తోలంతా ఊడొచ్చింది.”

“కిందకూడానా?”

“అక్కడ సంగతి... ఎలా చెప్పనండీ?”

“నా దగ్గర సిగ్గేంటి?”

“కూడానండి. ఒంటేలుకి వెళ్లాలంటే ఏడ్చేదాన్ని.”

“లోపల మందు పెట్టమన్లేదూ ఎవరూ? పచ్చిపుండు కదా, ఒకదానికొకటి తాకుతూ మానితే అతుక్కుపోతుంది.”

“నర్సమ్మ ఇచ్చిందండి. గుడ్డకి రాసి రోజూ లోపల పెట్టమంది.”

“పెట్టారా?”

“అమ్మ... పెళ్లికాని పిల్లకి అక్కడ చెయ్యి పెట్టకూడదంది. ఆ మందు కూడా నా పెదాలకే రాసింది.”

“అయ్యో, ఎంత పని చేసింది! చదువుకున్నదేనా మీ—”

“తిట్టకండి. కళ్లు అతుక్కుపోతాయని తల ఒళ్లో పెట్టుకుని, రెప్పలు విడదీసి విడదీసి చుక్కలేసిందండి. నిద్రపోలేదు. ఇవాళ మీరు కనబడుతున్నారంటే...”

“సరే, సరే. ఏడవకు. ఆపరేషన్ చేసి విడదీస్తాను. తర్వాత నెలల తరబడి మందు రాసిన గాజు గొట్టం పెట్టుకోవాలి. మళ్లీ అతుక్కోవచ్చు కూడా. మీ ఆయన ఆగుతాడా?”

“ఆగుతానన్నారండి. జబ్బువల్ల అయితే ఎన్నాళ్లయినా సరేనన్నారు.”

“జబ్బువల్ల కాకపోతే?”

“పుట్టుకతో ఉన్నది దాచి పెళ్లి చేశారని తేలితే మాత్రం వాళ్లమ్మ నన్ను గడప తొక్కనివ్వదట. ఆయన కూడా ఏం చెయ్యలేరట.”

“ఇంకేం, జబ్బువల్లేగా! ఆ మాట నేనే చెబుతాను. మీ అమ్మని పిలు. గొట్టం సంగతి ఆవిడకీ తెలియాలి.”

“వద్దండి.”

“అదేంటి?”

“బాపట్ల జ్వరం అనగానే అమ్మకి ఆ మందు గుర్తొస్తుందండి. ఇక బతకదు.”

“మరి ఏం చెప్పమంటావు? నోరు తెరిచి అడుగుతుందిగా.”

“మీరు చెబితే నమ్ముతుందండి. నమ్మి, రేపల్లె వెళ్లి వాళ్లకీ అదే చెబుతుంది. చెప్పనీండి.”

“ఏమని?”

“నేను పుట్టడమే ఇలా పుట్టానని.”