సముద్రం జూసొద్దాం

(1974 ఎండాకాలం. మదీనాగూడల బొంబాయి రోడ్డు పక్క ఇల్లు. బాలనర్సయ్య బాలానగర్ ఫ్యాక్టరీల ఫిట్టర్ నౌకరి నుంచి రిటైరై దిగిపోయి వారమైంది. అరుగు మీద ఆయన, పెండ్లాం సత్తెమ్మ, పక్కింటి చంద్రమ్మ.)

"బొంబాయి రైలు లింగంపల్లిల ఎక్కితె సీటు దొరకది చంద్రమ్మా. నాంపల్లికి పోయే ఎక్కాలె. డబ్బ ఖాళీగుంటది. మీ అక్కను కిటికీ పక్కన కూసోవెడ్త."

"కిటికీ పక్కన నాకొద్దు. తల తిరుగుతది."

"సూసినవా చంద్రమ్మా? వారం సంది గిదే కత. రైలంటె తల తిరుగుతదంటది, బస్సంటె కడుపుల తిప్పుతదంటది. ఇన్నేండ్ల డ్యూటిల ఒక్కనాడన్న దీన్ని ఊరు దాటిచ్చిన్నా? ఇగ నౌకరి దిగిన, జర తిప్పుకొద్దామంటె రానంటది."

"రానని నేనన్ననా?"

"మరి వస్తనను."

"చంద్రమ్మ ముంగట ఎందుకయ్యా గదంత."

"ఉండనీ బావా. అక్కకు కొడుకు దగ్గరికి పోవాలని ఉండదా? బర్రె ఫికర్ గావచ్చు. అక్కా, బర్రెను నేను జూసుకుంట. పాలు పిండుత, కుడితి వెడ్త. నువ్వు పో."

"అది నిన్ను దగ్గరికి రానియ్యది చంద్రమ్మా. తన్నుతది."

"తన్నితె తన్నని. మీరు పోయి పిలగాన్ని సూసి రాండ్రి. మూడేండ్లాయె."

"మూడేండ్లు యాడయింది?"

"అయింది బావా. మా చిన్నదాని పుట్టెంటికలప్పుడు వచ్చిండు నర్సింహ. మల్ల రాలే."

"రాలేదంటె, వానికి సెలవు యాడిది? సూపర్‌వైజర్ అయిండు చంద్రమ్మా! వాని కింద ఎంత మంది పని జేస్తరో ఎరికేనా? వాడు నిలవడకుంటె మిషన్లు నడువయి. క్వార్టర్ గూడ ఇచ్చిండ్రు. ఇంట్లనే నల్ల నీళ్లు, ఇంట్లనే కరెంటు. పంక గూడ ఉన్నది."

"ఊ."

"సముద్రం ఆడికి దగ్గరనే. పొద్దుమూకంగ గాలి కొడ్తదట, మనిషి ఎగిరిపోతడట!"

"అక్కా, రెండు మెత్తటి బనీన్లు తీస్కపో. దుప్పటి గూడ ఒకటి వెట్టుకో. ఉట్టి బండల మీద పండుకుంటె నడుములు వట్టుకుంటయి..."

"బండల మీద ఎందుకు పండుకుంటడు? వానికి మంచమున్నది!"

"ఉంటది బావా. మంచముంటది. నేను ఉత్తగనే అన్న. తిండెట్ల ఉంటదో మరి. ఆ దిక్కు పప్పు నీళ్ల లెక్క పోస్తరంట."

"మీ ఆయన వీరేశం లారీ నడిపేటోడాయె, రోడ్డు పక్క హోటళ్లల్ల తింటడు. ఆయనకట్ల ఉంటది. మావోనికి క్యాంటీన్ ఉన్నది."

"ఔ బావా. క్యాంటీన్ ఉంటది. అక్కా, నువ్వుల ముద్దలు గట్టిస్త. నర్సింహకు పానం గదా. ఉండు, నువ్వులు ఏపి, బెల్లం దంచుకోని వస్త."

"ఎందుకు చంద్రమ్మా నీకు కష్టం..."

"కష్టమేంది. ఇప్పుడే వస్త."

"పోయిందా?"

"పోయింది. ఎందుకయ్యా గన్ని అబద్దాలు? పంక గూడనా?"

"అనుకోకుంట వచ్చింది నోట్లకెంచి."

"మొన్న సూపర్‌వైజర్‌ను జేసినవు. ఇయ్యాల క్వార్టర్ ఇచ్చినవు. రేపు పెండ్లి జేస్తవా?"

"మెల్లగ మాట్లాడే. ఇనవడ్తది."

"ఇననీ. జైల్ల ఉన్నోనికి పంకనా? నువ్వు ఎట్ల అన్నవు, నీకు నోరు ఎట్ల వచ్చింది?"

"ఆ మాట అనకు ఇంట్ల."

"మూడేండ్ల సంది అనలే. నువ్వద్దన్నవని ఆ మాట ఈ గడప లోపట ఎత్తలే. ఇయ్యాల అంట. జైలు. నా కొడుకు జైల్ల ఉన్నడు."

"సత్తెమ్మా! నీకు దండం వెడ్త."

"దండం వద్దు, ఒక్క మాట చెప్పు. బొంబాయి పోతె వాన్ని సూస్తమా, సూడమా?"

"సముద్రం జూద్దాం. గుడి ఉన్నదట సముద్రం పక్కనే..."

"నేనడిగింది గది గాదు."

"ధర్మశాలల దిగుదాం. నాలుగొద్దులు తిరిగి వద్దాం. ఎవలన్న అడిగితె పిలగాన్ని సూసొచ్చినమంటె అయిపాయె."

"సూడకుంటనే?"

"నీకు తెల్వదే. దిగిపోయిన్నాడు దండలేసిండ్రు నాకు. అందరు ఒక్కటే మాట. నర్సయ్యా, ఇగ నీకేంది, కొడుకు కాడికి పోయి కాలు మీద కాలేసుకోని కూసో అని. పోతున్న అన్న. ఏమనాలె మరి? తెల్లారి డ్యూటి లేదన్నది మరిసిపోయి సైకిలేసుకోని గేటు దాక పోయిన..."

"పోయినవా? నాకు చెప్పలేదేంది?"

"ఏం జెప్పాలె? వాచ్‌మన్ నవ్విండు. ఇంక పోలేదా బొంబాయికి అని. ఇప్పుడు పోకుంటె వాండ్లకు మొఖం ఎట్ల సూపియ్యాలె?"

"అంటె వాండ్ల కోసం పోతున్నవు. వారం సంది నువ్వు బొంబాయి బొంబాయి అంటుంటె, ఇన్నాళ్లకు నీ పానం గుంజింది అనుకున్న. లోపల లోపల సంబురపడ్డ. తల తిరుగుతది అనుకుంట, నీ నోటితోని ఒక్కపారి వాని మాట వస్తదేమో అని సూసిన."

"నేను పోనంటలేను గద..."

"నువ్వు డ్యూటికి పోతె నేను ఈ అరుగు మీద కూసుంట. ఈ రోడ్డు మీద లారి పోతె సాలు, నా కొడుకున్న దిక్కుకే పోతుందనుకుంట. అది కనవడకుంట పొయ్యెదాక సూస్త. ఒక్కదాన్నే పోదామంటె తొవ్వ తెల్వది, బాస రాదు. నిన్ను రమ్మంటె డ్యూటి, సెలవు లేదు. ఇప్పుడేముందయ్యా డ్యూటి? వాడున్న ఊర్ల దిగి, వాన్ని సూడకుంట, నీళ్లు సూసి రావాల్నా? నేను తల్లినా, రాయినా?"

"మనిషిని సంపిండే వాడు!"

"తెలుసు."

"పెండ్లాం పిల్లలున్న మనిషిని!"

"తెల్వదా నాకు? ఆ మేస్త్రి పెండ్లాం ముండమోసింది. ఆమెను తల్సుకోకుంట నేను బుక్క నోట్ల వెట్టిన దినముందా? మేస్త్రి తిట్టిండట. తల్లి మీద తిట్టిండట. నన్ను తిట్టినందుకు కొట్టిండయ్యా వాడు."

"తిడితె పడాలె. నేను పడలేదా? నన్ను ఎన్ని తిట్లు తిట్టిండ్రు మేస్త్రీలు? వీడు బోల్టులు బిగిచ్చే పానతోని కొట్టిండు. ఆ పాన వట్టుడు ఎవలు నేర్పిండ్రు వానికి?"

"నువ్వు నౌకరి కోసం నేర్పినవు."

"ఏలు వట్టుకోని నేర్పిన. మనికట్టు గట్టిగ వెట్టు బిడ్డా, బలమంత ఒక్క కాడికే రావాలె, ఒక్కటే గుంజు గుంజాలె అని. కబురు తెచ్చిన పిలగాడు గేటు కాడ నిలవడి, ఒక్కటే దెబ్బ పెదనాయినా, మేస్త్రి మల్ల లేవలే అన్నడు. నాకు గదే మతికొచ్చింది. ఆ సంది పాన వట్టినప్పుడల్ల మతికొచ్చింది. నౌకరి దిగితె పోతదనుకున్న. పోలే."

"ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలే? కోపమనుకున్న నేను."

"కోపమైతె మంచిగుండు. పోయి నాలుగు తిట్టి వచ్చేటోన్ని. చువ్వల అవతల వాడు నిలవడ్తడు. నాయినా అంటడు. నేను యాడ జూడాలె సత్తెమ్మా? వాని చేతులు జూడాల్నా?"

"ఏడువకు."

"ఏడుస్తలేను."

"వాని చేతులు నేను జూస్త. నువ్వు లోపలికి రాకు. గేటు దాక తీస్కపోయి నిలవెట్టు, సాలు. జైల్లున్నోళ్లను కలిసేదాన్ని ములాఖత్ అంటరు గద? కొడుకు ములాఖత్‌కు వచ్చిన అని ఉర్దూల ఎట్లనాల్నో నేర్పియ్యి. అనుకుంట అనుకుంట పోత."

"వాడు అడుగుతడు, నాయిన ఏడి అని. ఏం జెప్తవు?"

"డ్యూటిల ఉన్నడంట."

"డ్యూటిలనా?"

"నువ్వు నాకు చెప్పిందే వానికి చెప్త. ఇంకేం జెప్పాలె? మొఖం తుడ్సుకో. చంద్రమ్మ వస్తుంది."

"అక్కా, ఇగో రుచి సూడు. బెల్లం సరిపోయిందా? ఏందక్కా, కండ్లు గట్లున్నయి?"

"పొగ. పొయ్యి పొగ."

"పొయ్యి ముట్టియ్యలే గదక్కా నువ్వు."

"చంద్రమ్మా, శనివారం ఎక్కుతున్నం. ఖాయమైంది. ఆదివారం దిగుతం. మావోనికి ఆదివారం సెలవు. స్టేషన్ కాడికే వస్తడు, ట్యాక్సిల తీస్కపోతడు..."

"ఆదివారం వద్దు బావా."

"ఎందుకొద్దు?"

"ఒక దినం ముంగట పోండ్రి."

"సెలవు ఆదివారమైతె ముంగట పోయి ఏం జెయ్యాలె?"

"బావా, కోపం జెయ్యకు. అక్కా, నువ్వు గూడ. ఎవ్వలకు చెప్పలే నేను. నా తల్లికి గూడ చెప్పలే. వాడే ఒట్టేయించుకున్నడు మా ఆయనతోని, మా నాయినకు మాత్రం తెల్వనియ్యకు అని."

"వాడెవడు? ఏం తెల్వనియ్యద్దు?"

"ఆదివారం ములాఖత్ ఉండది బావా. శనివారమే లోపలికి పోనిస్తరు. మూడేండ్ల సంది బొంబాయికి పోయినప్పుడల్ల మా ఆయన శనివారం దాక లారి ఆపుకోని, నర్సింహను సూసే ఇంటికి వస్తుండు."