గడ్డిలో మాగిన నెట్టు

రెడ్డిగూడెం నుంచి విస్సన్నపేట పోయే రోడ్డు పక్కన ఉంది నాగేంద్రమ్మ టీ కొట్టు. ఆ సాయంత్రం ఆవిడ చేతులు టీ తిరగబోస్తున్నాయి గానీ మనసంతా కూతురి మీదే ఉంది. రోజాకి మర్నాడు పొద్దున్నే ఉద్యోగం ఇంటర్వ్యూ, అదీ ఫోన్లో మొహం చూపిస్తూ. వాళ్ల ఇల్లు తోటల నడుమ. అక్కడ ఫోనులో మాటైతే వినపడుతుంది, బొమ్మ మాత్రం గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది. కొట్టు దగ్గర సిగ్నల్ బ్రహ్మాండంగా ఉన్నా, మామిడికాయల లారీలు, కూలీల కేకలు.

"ఈ గోలలో వాళ్లు అడిగేది నాకేం వినపడుతుందమ్మా?" అంది రోజా దిగులుగా.

బల్ల మీద కూర్చున్న చలపతిరావు గొంతు సవరించుకున్నాడు. గుళ్లో గుమాస్తాగా చేసి రిటైరయ్యాక, ఇంట్లో కనపడ్డ ప్రతి యంత్రాన్నీ విప్పడమే ఆయన పని. రోజూ సాయంత్రం వచ్చి, ఫోను బిస్కెట్ల సీసాకి ఆనించి, ఒక్క టీతో పొద్దుగూకేదాకా కూర్చుంటాడు.

"నెట్టు స్లో అని ఏడిస్తే లాభం లేదు నాగేంద్రమ్మా, కిటుకు తెలియాలి. మా ఇంట్లో ఉన్న స్పీడు హైదరాబాదులో కూడా లేదు. ఏం చేశానంటావు? డబ్బా కాస్త మాగేశాను, అంతే."

"ఏం డబ్బా అండీ?" అన్నాడు కాయలు కోసే ముఠా మేస్త్రి యలమంద.

"నెట్టు డబ్బానయ్యా! కొత్త డబ్బా పచ్చికాయతో సమానం. చెట్టు మీంచి దించిన రసం కాయ అప్పుడే తింటామా? అందుకని రసాలతో పాటే దాన్నీ గడ్డిలో పెట్టి, పైన గోనెపట్టా కప్పి, గది తలుపేసి, మా ఆవిణ్ణి కూడా అటు పోనివ్వకుండా కాపలా కాసి, తీసి చూద్దును గదా, పచ్చగా వెలిగే దీపం కాస్తా బంగినపల్లి పండులా పసుపు తిరిగింది!"

"వాసన కూడా వచ్చిందా?" అన్నాడు యలమంద.

"ఘుమఘుమలాడింది! ప్లగ్గులో పెట్టానో లేదో ఫోన్లోకి సినిమా దిగింది. నొక్కకముందే దిగిందయ్యా, నేనేం చూద్దామనుకున్నానో దానికి ముందే తెలిసిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రేపటి వాన కబురు చూద్దామని తెరిచాను. రేపు కురవాల్సిన వాన ఇవాళే వచ్చి మా పెరట్లో పడింది, ఆరేసిన వడియాలన్నీ తడిసి మా ఆవిడ నా మీద పడింది."

"మాకు చుక్క పడలేదే?"

"నీకా నెట్టు లేదు గదా, ఎట్లా పడుతుంది? అడ్డు రాకు. ఆ తర్వాత చింతలపూడిలో మా బావమరిది వీడియో ఫోన్ చేశాడు. 'బావా, ఈ ఏడు రసాలు ఎట్లా ఉన్నాయి?' అన్నాడు. ఇదిగో చూడరా అని ఒక పండు ఫోనుకి చూపించానో లేదో, చేతిలో పండు మాయం! ఏమైందా అని వెతుక్కునేలోపు టెంక వచ్చి నా ఒళ్లో పడింది. శుభ్రంగా చీకేసి ఉంది!"

కొట్టంతా గొల్లుమంది. నాగేంద్రమ్మ మాత్రం నవ్వలేదు. అందులో ముప్పాతిక పాళ్లు గాలి కబుర్లేనని ఆవిడకీ తెలుసు. కానీ మిగతా పాతికైనా నిజమైతే పిల్ల గట్టెక్కుతుంది.

"పంతులుగారూ, రేపు పొద్దున్నే రోజాని మీ ఇంటికి పంపనా?"

చలపతిరావు చేతిలో గ్లాసు ఆగింది. "దానికేం భాగ్యం, భేషుగ్గా పంపు. కాకపోతే నా భయమల్లా ఒకటే. ఆ స్పీడుకి వాళ్లు ప్రశ్న అడక్కముందే ఉద్యోగం వచ్చేసిందనుకో, కష్టపడి చదివిన పిల్లకి తృప్తి ఉండదు గదా."

"ఆ తృప్తి లేకపోయినా ఫరవాలేదండీ. అమ్మగారికి కూడా ఒక మాట చెబుతాను."

"ఇప్పుడా? పూజలో ఉంటుందేమో..."

అప్పటికే నాగేంద్రమ్మ నంబరు నొక్కేసింది, అటు నుంచి ఆయన భార్య జ్ఞానప్రసూనాంబ గారి గొంతు కొట్టంతా వినపడింది. నాగేంద్రమ్మ సంగతంతా చెప్పి, "మీ నెట్టు బాగుందటగా అమ్మా?" అంది.

"నెట్టా! ఆ డబ్బా గడ్డిలోనే ఉంది తల్లీ. దాంతో పాటు వేసిన రసాలన్నీ పండితే తినేశాం, అదొక్కటే ఇంకా పండలేదు. పిల్లని పంపకు, పాపం ఇంటర్వ్యూ చెడుతుంది. ఆయన అక్కడే ఉన్నారా? నా సీరియల్ మీ కొట్టు దగ్గర దిగిందేమో కనుక్కుని, దిగితే ఇంటికి పంపించమ్మా."

అందరూ బిస్కెట్ల సీసాకి ఆనించి ఉన్న ఫోను వైపు చూశారు. సీరియల్ ఇంకా సగమే దిగింది. చలపతిరావు గ్లాసు అడుగున ఏదో వెతుక్కుంటున్నాడు.

నాగేంద్రమ్మ పమిటచెంగుతో చేతులు తుడుచుకుంది. "ఇక ఇక్కడే కానిద్దాం. యలమందా, రేపొక్క పూట లారీ..."

"తోట గేటు దగ్గరే లోడు చేయిస్తానక్కా. మావాళ్ల నోళ్లకి కూడా నాదీ పూచీ."

"ఇంక మిగిలింది పంతులుగారి గొంతే," అంది రోజా.

నాగేంద్రమ్మ ఇంకో టీ తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. "మీ సీరియల్ దిగేదాకా కూర్చోండి, రేపు కూడా రండి. కానీ పిల్ల మాట్లాడినంతసేపూ మీరు మాట్లాడకూడదు. ఉండగలరా?"

ఒక్క గుక్క పడగానే చలపతిరావు ఛాతీ మళ్లీ పొంగింది. "మౌనమా? నన్నా అడుగుతున్నావు? ఒకసారి నేను మౌనవ్రతం పడితే, గుళ్లో గంట కొట్టినా మోగలేదు, చెట్టు మీద కాకి నోరు తెరిచి..."

"ఆ వ్రతమేదో ఇప్పుడే పట్టండి పంతులుగారూ," అంది నాగేంద్రమ్మ, "రేపటికి అలవాటవుతుంది."