చెరిపిన చుక్క: మిస్ హెస్టర్ లాథ్రప్ గారి పదవీ విరమణ వేళ

1903 సెప్టెంబరు 14న మిస్ హెస్టర్ లాథ్రప్ గారు పెన్సిల్వేనియాలోని మన మహిళా కళాశాల జీవశాస్త్ర విభాగంలో చేరారు. ఆ మధ్యాహ్నం భోజనశాలలో చిక్కుడుగింజల సూపు, మొక్కజొన్న రొట్టె పెట్టారు. ఆమె సగం రొట్టె తిని, మిగతా సగాన్ని రుమాలులో చుట్టుకున్నారు. రాత్రికి దాచుకుంటున్నారేమోనని నేను చూపు తిప్పుకున్నాను. అది ఆమె పరిశోధన కోసం పెంచే పిండిపురుగుల కోసమని సాయంత్రం తెలిసింది.

పురుగు ఆడదవుతుందా, మగదవుతుందా అనేది తిండి, వెచ్చదనం నిర్ణయిస్తాయని ఆనాడు చాలామంది పండితుల విశ్వాసం. రెండేళ్ల అవిశ్రాంత పరిశ్రమ తర్వాత లాథ్రప్ గారు వేరొకటి గమనించారు: ఆడ పురుగు కణంలో ఇరవై పెద్ద క్రోమోజోములు, మగదాని కణంలో పంతొమ్మిది పెద్దవి, ఒక చిన్నది. ఆ చిన్నది కణాలకు పట్టించే రంగు మరకేనని విభాగాధిపతి డాక్టర్ క్విన్బీ గారు తేల్చేశారు. జూన్‌లోగా రుజువు చూపకపోతే ఆమె నియామకాన్ని పొడిగించలేమన్నారు.

సూక్ష్మదర్శినిలో కనబడినదాన్ని గీయడం నా ఉద్యోగం. పురుగుల కణాలు అంటించిన గాజుపలకల మీద అంకెలే ఉండేవి. ఏది ఆడదో, ఏది మగదో నాకు తెలియదు. నలభై బొమ్మలు పెన్సిలుతో గీసి, సిరా దిద్దే ముందు, శుభ్రత మీది మమకారంతో, మరకలనుకున్నవాటిని రబ్బరుతో చెరిపేశాను. మే నెలాఖరున ఎంతో గర్వంగా వాటిని ఆమె ముందు పెట్టాను.

"ఏం చెరిపారు రస్క్ గారూ?"

"మురికండీ. కొన్నిట్లో ఒక్కో చుక్క ఉంది."

"మురికేంటండీ బాబూ, మగజాతినే తుడిచేశారు."

నేను కాగితాలు వెనక్కి లాక్కోబోయాను. "రాత్రంతా కూర్చుని మళ్లీ గీసేస్తానండీ."

"అస్సలు ముట్టుకోకండి. ఇలాగే ఇచ్చేయండి."

మర్నాడు ఆ కాగితాలనూ, ఏ అంకె ఆడదో, ఏది మగదో రాసుకున్న తన పుస్తకాన్నీ క్విన్బీ గారి బల్ల మీద పక్కపక్కనే పరిచారు. ఇరవై ఒక్క మగ పురుగుల బొమ్మల్లో ఒక్కొక్క రబ్బరు గుర్తు. పంతొమ్మిది ఆడ పురుగుల బొమ్మల్లో ఒక్కటీ లేదు.

"ఏది ఏదో ఈయనకి తెలీదండీ. మరకే అయితే, మగవాటినే ఎలా వెతుక్కుంటూ పోయిందో మీరే చెప్పాలి."

ఆయన రెండుసార్లు లెక్కపెట్టుకున్నారు. "రస్కూ, నువ్వు మాత్రం నా బల్ల తుడవకయ్యా," అన్నారు. ఆ వారమే పరిశోధన పత్రం అచ్చుకు వెళ్లింది. నియామకమూ పొడిగించారు.

తర్వాత ఈగలు, పేనుబంకలు, మూడు తరాల విద్యార్థినులు. నా భార్య లియోనా చనిపోయిన ఏడాది శీతకాలంలో లాథ్రప్ గారు ఓదార్పు మాట ఒక్కటీ అనలేదు. నా బల్లను మాత్రం ఎండ పడే కిటికీ దగ్గరికి జరిపించారు. నాకు ఆ ఎండే చాలింది.

ఆమె చూపు ఇలాగే నిశితంగా ఉండాలనీ, ఆమె పట్టుదలకు సరితూగే ఆరోగ్యం, నిండు ఆయుస్సు ఆమెకు దక్కాలనీ మనసారా కోరుకుంటున్నాను.

నిన్న సాయంత్రం, "రేపు సభ పదకొండింటికి కదండీ? తొమ్మిదికే వచ్చేయండి, గీయాల్సిన పలకలు ఇంకా పన్నెండున్నాయి," అన్నారు. పురుగులకు రొట్టె వేసి, గాజుపలకలు అదరకుండా, ముప్పై ఏళ్లుగా మూస్తున్నట్లే, ఆ గది తలుపు మెల్లగా మూశారు.