భీమరాజు నోటిమాట

ఏందిరా, దవఖానల దయారాణి సిస్టర్ ఏమన్నది? ‘మనిషి ఏది విత్తితే అదే కోస్తాడండీ’ అన్నదా? భీమరాజు ముచ్చటకే అన్నదా? గిట్ల కూసో. ఆమె మంచిదేరా, మా పోచన్న పీనుగ కాడ ప్రార్థన చేసుకుంట ఏడ్సింది. కని ఆ మాటింటె నాకు ఒళ్లు మండుతది.

భీమరాజంటె అప్పట్ల ఈ అరబ్బు దేశంల, ఈ మఫ్రఖ్ క్యాంపుకు ఫోర్మన్. మనోడే, కోరుట్ల దిక్కోడు. మనోడు గదా అని సంబురపడ్డం, థూ! ఎవనికి పానం బాగలేకున్నా ఒక్కటే మాట: ‘డ్రామాలు చెయ్యకు, యల్లా, లెవ్వు!’ దవఖానకు పోవాల్నన్నా వాడు నోటితోని చెప్తెనే క్యాంపుల గాడీ కదలాలె. ఆ ఎండలు, అబ్బ, సలాక పట్టుకుంటె చేతి తోలు లేస్తుండె... ఏం చెప్తున్న? ఆఁ, పోచన్న. నా పక్క మంచమోడు. పగటీలి సిమెంటు బస్త మోసుకుంట కూలబడ్డడు. ‘హన్మాండ్లన్నా, కండ్లు కనవడ్తలేవే’ అన్నడు. ఎత్తుకపోయి గాడిల ఏసినం. డ్రైవర్ ఖాజా భీమరాజు మొకం దిక్కు చూసిండు. ‘డ్రామా’ అన్నడు వాడు, చాయ్ తాగుకుంట. పోచన్న ఆ గాడిలనే పోయిండు, అది కదలకముందే.

అప్పుడన్న బుద్ధొచ్చిందా దొంగనాకొడుక్కు? ఒకనాడు వాడే కడుపు పట్టుకొని పొర్లిండు. ఖాజా పాపం గాబరపడి గాడీ చాలు చేసిండు. వాడు లేచి, ఇకిలిచ్చి, చెంప మీద ఒక్కటి పీకిండు. ‘నేను చెప్పంది గాడీ తీస్తవా? ఇంకోపారి తీస్తె ఇంటికి పంపుత!’ అన్నడు. పరీక్ష పెట్టిండట, పరీక్ష!

మల్ల ఎండకాలం నిజంగనే పడ్డడు. మూతి వంకరపోయింది, మాట లేదు, ఒక్క చెయ్యి ఊపుతున్నడు. వాని మీద మన్నుపొయ్య అనుకున్న మేమే ‘తియ్యిరా గాడీ’ అని మొత్తుకున్నం. ఖాజా చెంప తడుముకుంట, ‘నై భాయ్, డ్రామా హై. సాబ్ మూహ్ సే బోలే తో నికాల్తూ’ అంటడు. సాబ్ నోటితోని చెప్తెనే తీస్తడట! ముదీర్, అదే పెద్ద మేనేజర్, ఉరికొచ్చేసరికి ఖలాస్.

వాడు ఇత్తిండు, వాడు కోసిండు. బరాబరే. మరి పోచన్న ఏం ఇత్తిండురా? పొద్దుగాల అందరికంటె ముందు లేచి, అందరికి చాయ్ పెట్టెటోడు. ఇంటికాడ వాని పెండ్లాం లక్ష్మవ్వ ఏం ఇత్తిందని ముండమోసింది? పో, సిస్టర్ను అడిగి రా, పో...

అట్ల సూడకు. ఆ కిటికి పెట్టు, దుమ్మొస్తుంది.