సగంలో ఆగిన వరస

రాహేలమ్మని ఒకావిడ, మొగుడు నత్తానేలు పోయాడు. శవాన్ని పెట్టెలో పెట్టి మా ఊరి చర్చి గుళ్ళోకి తెచ్చారంట. ఇప్పుడు ఆ గుడి పద్ధతి చెప్పాలి మీకు. దావీదు కీర్తనని పాటలాగా పాడరు, చదువులాగా చదవరు. ఒకే స్వరం మీద లాక్కెళ్ళి, సగంలో ఊపిరికి ఆగి, మిగతా సగం పాడి చివర్న దించుతారు. ఒక వరస కుడిపక్క కూకున్న ఎగువపేటోళ్ళు, తర్వాత వరస ఎడంపక్క దిగువపేటోళ్ళు. కీర్తన పూర్తవకుండా పెట్టె లేవదు. ఏమైందంటే, ఆ ఏడు ఈ ఎగువపేట నత్తానేలు కాలవ తూము మూసేసి దిగువకి నీళ్ళు రానీలేదు. దిగువపేట జకరయ్య చేను నిలువునా ఎండిపోయింది. అందుకని "ఆడి శవానికి మేం నోరు తెరవం" అని దిగువపేటంతా ఒక్క మాట మీదుంది. మళ్ళీ గుళ్ళోకి మాత్రం వొచ్చి కూకున్నారు. రాకపోతే తప్పంట, పాడకపోతే తప్పు కాదంట, చూడండి!

గుడి నడిపే ఉపదేశి దేవసహాయంగారు కీర్తన ఎత్తుకున్నాడు. ఎగువపేటోళ్ళు మొదటి వరస పాడారు. ఎడంపక్క చప్పుడు లేదు. మళ్ళీ పాడారు. మళ్ళీ లేదు. ఎండ నడినెత్తికొచ్చింది, శవం నిన్నటిది. నత్తానేలు తమ్ముడు లేచి, పాడతారా, బయటున్న కర్రలు తెమ్మంటారా అన్నాడంట. "తే, చూద్దాం" అని దిగువపేటోళ్ళూ లేచారు. ఆ వరస వొదిలేసి కానీయండయ్యా అని ఎవరో అంటే, "వొదిలితే అది కీర్తన కాదు, నేను పూడ్చను" అన్నాడు ఉపదేశి. నాకైతే ఆ మడిసి మీద ఇప్పటికీ కోపమే అనుకోండి.

అప్పుడు రాహేలమ్మ లేచింది. పెట్టె పక్కనించి నడిచి, నడిచి, ఎడంపక్కకెళ్ళి జకరయ్య పెళ్ళాం పక్కన కూలబడింది. ఆళ్ళ వరస తనే ఎత్తుకుంది, ఒక్కతే. సగం దాకా పాడి ఊపిరికి ఆగింది. ఆగిందా, ఇంక గొంతు లేవలా. అందరూ చూస్తన్నారు. పాడదు, ఏడవదు. ఎంతసేపు ఆగిందో ఎవడూ చెప్పలేడు. ఆ మిగతా సగం ఎవరందుకున్నారనుకున్నారు? జకరయ్య! చేనెండినోడు. తల ఎత్తకుండా పాడాడంట. ఆడి వెనకాల దిగువపేటంతా అందుకుంది. పెట్టె లేచింది.

అందుకే మా గుళ్ళో వరస మధ్యన ఆపు మిగతా ఊళ్ళకంటే ఎక్కువ. కొత్తగా వొచ్చిన అయ్యగారు తొందరపెడతాడు, అయినా మేం ఆగుతాం. తూము సంగతంటారా? దానికి ఇప్పటికీ కొట్టుకుంటానే ఉన్నాం.